సుచరిత వాషింగ్ మిషన్ బాగుచేసిన వైనం

కల్లూరులో సుచరిత వాళ్లు ఇల్లు కట్టుకున్న వీధి కొత్తది. సగం ఇళ్లకు ఇంకా సున్నం కూడా పడలేదు. బోరు నీళ్లు మాత్రం అందరికీ ఒకటే. బకెట్లో పట్టి పెడితే సందేళకు అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఆ నీళ్లకు బట్టలు తెల్లబడవు, తలలు చిక్కుబడతాయి, మిషన్లు పాడైపోతాయి అని వీధిలో ఆడవాళ్లంతా ఏకగ్రీవంగా తేల్చేశారు.

అందుకే ఆ సోమవారం పొద్దున సుచరిత ఇంట్లో వాషింగ్ మిషన్ ఆగిపోయినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. నీళ్లు పట్టింది, సబ్బు నురగ లేపింది, బట్టలు అటూ ఇటూ తిప్పింది. తీరా మురికి నీళ్లు వదిలే వేళకు గమ్మునుండిపోయింది. కాసేపాగి బీప్ బీప్‌మని అరవడం మొదలుపెట్టింది. మూత ఎత్తి చూస్తే దుప్పట్లన్నీ మురికి నీళ్లలో తేలుతున్నాయి.

మెకానిక్ వచ్చాడు. మూత ఎత్తాడు, రెండు బటన్లు నొక్కాడు, "బోర్డు పోయింది మేడం, కొత్త మిషన్ తీసుకోవడమే మేలు" అని, టీ తాగి వెళ్లిపోయాడు.

భర్త జ్ఞానేశ్వర్‌కు ఎరువుల అంగడి. వానలకు ముందు ఆయనకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. "సరేలే, ఆదివారం పోయి కొత్తది చూద్దాం" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

సుచరిత ఆలోచన బోర్డు మీద లేదు, ఒక చప్పుడు మీద ఉంది.

సుచరిత పుట్టింది వెల్దుర్తి పక్కన పల్లెలో, వేరుశనక్కాయ పండించే ఇంట్లో. చిన్నప్పుడు వాళ్ల నాయన పొలంలో మోటరు వేస్తే ఆ పిల్ల ఇంటి దగ్గర నుంచే "నాయనా, మోటరు నీళ్లు ఎత్తడం లేదు, ఊరికే తిరుగుతాండాది" అని చెప్పేది. పోయి చూస్తే నిజమే అయ్యేది. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్లమ్మ కుట్టుమిషన్ మూలుగుతోందని మొత్తం విప్పి చాప మీద పరిచింది. విప్పడమైతే విప్పింది గానీ మళ్లీ కలపలేకపోయింది. వాళ్లమ్మ ఆ ముక్కలన్నీ గంపలో వేసుకుని దర్జీ దగ్గరికి మోసుకుపోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ ఆమె చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు. పెళ్లయ్యాక ఆమె కూడా అడగలేదు. ఇల్లు, వంట, కూతురి చదువు, అత్తగారి మందులు, వీటితోనే ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. చెవులు మాత్రం అట్లాగే ఉన్నాయి. వంటింట్లో ఉండే మిక్సీ ఎప్పుడు వేడెక్కిందో, ఫ్యాన్ ఎప్పుడు గ్రీజు అడుగుతోందో ఆమెకు తెలిసిపోయేది.

వాషింగ్ మిషన్ నీళ్లు వదిలే ముందు రోజూ ఒక చిన్న చప్పుడు చేసేది. 'కిర్ర్ర్' అని, గడియారానికి కీ ఇచ్చినట్టు. ఆ వెంటనే గొట్టంలోంచి నీళ్లు బుసబుసా దూకేవి. ఇప్పుడు ఆ కిర్రు వినిపించడం లేదు.

"అత్తా, బోర్డు పోతే దీపాలెట్ల వెలుగుతాయి? బట్టలెట్ల తిప్పుతాది?" అంది సుచరిత.

అత్తగారు అనసూయమ్మ మిషన్ ఉన్న స్నానాల గది ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. డెబ్బై దాటిన మనిషి. పుట్టినిల్లు రాజంపేట. "నన్నడిగితే నాకేం తెలుసు మే? ఆయప్ప చెప్పినాడు కదా."

"ఆయప్ప మిషన్ కింద చూడనే లేదు."

"ఏంది, నువ్వు చూస్తావా?"

"చూస్తా."

అనసూయమ్మ చేతిలోని చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. "కరెంటు సామాను మే అది! ఏమన్నా అయితే మావోడికి నేనేం జవాబు చెప్పాల?"

సుచరిత పోయి ప్లగ్గు పీకేసింది. పీకిన ప్లగ్గు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. "ఇదో, కరెంటు నీ చేతిలోనే ఉండాది. నువ్వు వదలొద్దు, నేను చూసుకుంటా."

ఆ మాటతో అనసూయమ్మకు ఎక్కడలేని బాధ్యత వచ్చింది. చిక్కుడుకాయల చేట పక్కకు నెట్టి, స్నానాల గది గడప దగ్గర పీట వేసుకుని, ప్లగ్గును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

సుచరిత ముందు దుప్పట్లు పిండి బకెట్లలో వేసింది. చెంబుతో నీళ్లు తోడింది. తోడీ తోడీ నడుము పట్టేసింది. అడుగున కొంచెం నీళ్లు మిగిలాయి. ఇక చాలనుకుని మిషన్‌ను వెనక్కి వాల్చి గోడకు ఆనించింది, జారకుండా కింద చెక్కపీట అడ్డం పెట్టింది. సెల్‌ఫోన్ లైటు వేసి, నేల మీద పక్కకు ఒరిగి పడుకుని, కిందికి చూసింది.

ఇన్నేళ్లు బట్టలు వేసి తీసిన డబ్బా కింద ఇంత ఉందా! పెద్ద మోటరు, దానికో బెల్టు, పెద్ద చక్రం. పక్కన అగ్గిపెట్టెకు అన్నలాంటి నల్ల డబ్బా ఒకటి. దాన్నుంచి సన్నటి ఇనుప తీగ బయల్దేరి నీళ్లు పోయే గొట్టం మూతకు తగులుకుని ఉంది.

"ఏం కనపడతాండాది?" అంది అనసూయమ్మ మెడ సాచి.

"మా నాయన పొలంలో బాయి కాడ తూము తలుపు ఉండేది చూడు, గొలుసు లాగితే లేచేది. అట్లాంటిదే అత్తా! ఈ తీగ లాగితే మూత లేస్తాది. లాగే పని ఈ నల్ల డబ్బాది."

"అయితే లాగు, చూస్తాం!"

సుచరిత రెండు వేళ్లతో తీగ పట్టుకుని లాగింది. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. ఏదో పట్టు వదిలినట్టయింది. అంతే! డబ్బా అడుగున మిగిలిన నీళ్లు గొట్టంలోంచి బుస్సుమని దూకి, గడప దగ్గర కూర్చున్న అనసూయమ్మ కాళ్లను తడిపేశాయి.

"వచ్చినాయి మే! వచ్చినాయి!" అని ముసలావిడ పీట మీద నుంచి లేచి నిలబడింది. ప్లగ్గు మాత్రం వదల్లేదు.

సుచరిత నేల మీద పడుకునే నవ్వింది. మోచేతి దాకా మురికి, జడ నిండా నీళ్లు. మూత బాగుంది, గొట్టం బాగుంది, బోర్డు సంగతి తర్వాత. లాగాల్సిన నల్ల డబ్బా లాగడం లేదు. పోయింది అదే!

విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది. ఏ వైరు ఎక్కడిదో, తీగ ఏ కొక్కేనికి తగిలిందో అన్నీ కనపడేట్టు. కుట్టుమిషన్ నేర్పిన పాఠం అది. ఒక స్క్రూ సులువుగానే వచ్చింది. రెండోది ఉప్పునీళ్లకు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొబ్బరినూనె పోసి, అన్నం తిని వచ్చి, మళ్లీ తిప్పింది. 'టక్'మని వదిలింది. ఆ టక్ చప్పుడుకు అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి "ఆఁ!" అన్నారు.

నల్ల డబ్బాను ప్లాస్టిక్ కవర్లో వేసుకుని సుచరిత షేర్ ఆటో ఎక్కింది. కొండారెడ్డి బురుజుకు ఆవలి సందుల్లో మిషన్ల సామాన్లు అమ్మే చిన్న అంగడి ఒకటుంది. దాని యజమాని ఖాదర్ బాషా కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి కవర్లోకి చూశాడు.

"డ్రైన్ మోటరు ఇది, మురికి నీళ్లు వదిలేది. వీటిలో శానా రకాలుంటాయమ్మా, చూసేదానికన్నీ ఒకటే లెక్క ఉంటాయి. మెకానిక్ ఎవరు? ఆయన్ని పంపియ్యి, ఆయనకైతే తెలుస్తాది."

"మెకానిక్ నేనేనన్నా."

ఖాదర్ బాషా కళ్లద్దాలు కిందికి దించుకుని ఈసారి ఆమెను చూశాడు. సుచరిత ఫోన్ తీసి ఫోటోలు చూపించింది. మిషన్ నెంబరు రాసిన స్టిక్కరు ఫోటో కూడా ఉంది. అతను ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి, "మాషా అల్లా, ఫోటో తీసినావంటే సగం పని అయిపోయినట్టే తల్లీ" అని లోపలికి పోయి ఒక పెట్టె తెచ్చాడు.

బల్ల మీద రెండు వైర్లు తగిలించి పాత మోటరుకు కరెంటు ఇచ్చాడు. ఉలుకూ పలుకూ లేదు. కొత్తదానికి ఇచ్చాడు.

కిర్ర్ర్ర్.

సన్నటి తీగ మెల్లగా లోపలికి పోయింది. "ఇదే! ఇదేనన్నా ఆ చప్పుడు! ఇంకోసారి వెయ్యి!" అంది సుచరిత. అతను నవ్వి ఇంకోసారి వేశాడు. పోయేటప్పుడు, "తీగ కొక్కేనికి సరిగ్గా తగలాల. ఇది లాగితేనే నీళ్లు పోయేదీ, బట్టలు పిండేదీ. వదులైందంటే నీళ్లు పోతాయి గానీ పిండదు" అని వేలు పెట్టి చూపించి మరీ పంపాడు.

ఇంటికొచ్చేసరికి అనసూయమ్మ గేటు దగ్గరే ఉంది. "దొరికిందా?"

"దొరికింది అత్తా! పా, పా!"

వైర్లు తగిలించింది, స్క్రూలు బిగించింది, తీగను కొక్కేనికి ఎక్కించింది. ఫోటోతో సరిచూసుకుంది. మిషన్‌ను నిలబెట్టి, నీళ్లు పోసి, ఒక దుప్పటి వేసింది. అనసూయమ్మ ప్లగ్గు తానే పెడతానని పట్టుబట్టి, చెయ్యి తుడుచుకుని పెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

బట్టలు తిరిగాయి. ఆగాయి. ఒక క్షణం ఏమీ లేదు.

కిర్ర్ర్ర్. బుస్సు!

"పోతాండాయి! నీళ్లు పోతాండాయి!" సుచరిత అత్తగారి రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పేసింది. "నిదానం మే, పడతా!" అంటూనే అనసూయమ్మ కూడా తిరిగింది.

ఆ సంబరంలో ఉండగానే బట్టల డబ్బా దుప్పటి పిండడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత వేగంగా, తర్వాత ధడేల్ ధడేల్‌మని. మిషన్ పూనకం వచ్చినట్టు ఊగిపోతూ గోడను వదిలి ముందుకు జరిగింది.

"ఆపు మే, ఆపు! అది బయటికి బయల్దేరింది!" అని అరుస్తూ అనసూయమ్మ ప్లగ్గు పీకేసింది.

సుచరిత మిషన్‌ను మళ్లీ వాల్చింది. ఏం తప్పు చేశాను? తీగ చూసింది, బాగుంది. స్క్రూలు చూసింది, బాగున్నాయి. ఏదైనా ముక్క మిగిలిపోయిందేమోనని నేలంతా వెతికింది, ఏమీ లేదు. చిన్నప్పటి చాప, దాని మీద పరిచిన కుట్టుమిషన్ ముక్కలు కళ్లముందు మెదిలాయి. ఏమీ తోచక మిషన్‌ను నిలబెట్టి మూలమూలనూ చేత్తో నొక్కి చూసింది. ముందువైపు కుడిమూల నొక్కితే కదిలింది. వంగి చూస్తే ఆ కాలు మిగతా కాళ్లకన్నా పొట్టిగా ఉంది. వాల్చినప్పుడు, లాగినప్పుడు మర తిరిగి లోపలికి పోయినట్టుంది.

"అత్తా, దీనికేం కాలేదు! కుంటుతాండాది, అంతే!"

గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి మిషన్ మూత మీద పెట్టింది. నీళ్లు ఒకవైపుకు ఒరిగి కనిపించాయి. అనసూయమ్మ గ్లాసు చూస్తూ "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు!" అని చెబుతుంటే సుచరిత కాలి మర తిప్పి బిగించింది. మళ్లీ వేశారు. ఈసారి డబ్బా ఈల వేసినట్టు సన్నగా, నిలకడగా తిరిగింది. దుప్పటి తీస్తే ఒక్క చుక్క కారలేదు.

జ్ఞానేశ్వర్ ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ తడిసి ముద్దయి, తలుపు దగ్గర కూర్చుని నవ్వుకుంటున్నారు.

"ఏమైంది? పైపు పగిలిందా?"

"మిషన్ బాగైంది నాయనా, నీ పెండ్లాం చేసింది" అంది అనసూయమ్మ. "నేను కరెంటు చూసుకున్యా."

అతను నమ్మలేదు. సుచరిత అతని చొక్కానే అడిగి తీసుకుని మిషన్‌లో వేసింది. అతను బనియన్‌తోనే నిలబడి, కిర్రుమనడం, నీళ్లు దూకడం, డబ్బా తిరగడం అన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఏమప్పా, ఆదివారం కొత్తదానికి పోదామా?" అని ఆమె అడిగితే, "నాకు పనుండాది" అని పకపకా నవ్వాడు.

ఆ వారంలో వీధంతా తెలిసిపోయింది. ఎదురింటి టీచరమ్మ కృపమణి తన మిషన్‌లోకి నీళ్లు రావడం లేదని పిలిచింది. కుళాయి గొట్టం మొదట్లో ఉండే జల్లెడ తెల్లటి ఉప్పుతో పూడుకుపోయి ఉంది. సుచరిత దాన్ని నిమ్మరసంలో నానబెట్టి రుద్దేసరికి నీళ్లు ధార కట్టాయి. కృపమణి చప్పట్లు కొట్టింది.

వీటన్నిటికన్నా అనసూయమ్మ నోరు పెద్దది. రాజంపేటలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి కథంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. అవతల నుంచి చెల్లెలు, "అక్కా, మా మిషన్ కూడా తిరగడంలే. రోంత పంపీరాదా నీ కోడల్ని!" అంది.

మరుసటి శనివారం అత్తాకోడళ్లు రాజంపేటకని కడప బస్సులో కూర్చున్నారు. సుచరిత ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, అందులో కొత్త స్క్రూడ్రైవర్లు, పానాలు. బస్సు మైదుకూరు దాటాక అనసూయమ్మ చెల్లెలికి ఫోన్ చేసి ఆమెను మిషన్ దగ్గరే నిలబెట్టింది. "ఇప్పుడు వెయ్యి దాన్ని. ఫోను దాని పక్కన పెట్టు."

ఫోన్‌లోంచి మోటరు మోత, మధ్యమధ్య కుయ్యి కుయ్యిమని చప్పుడు. సుచరిత కళ్లు మూసుకుని విన్నది.

"మోటరు బాగుండాది అత్తా. బెల్టు జారుతాండాది."

"అది యాడ దొరుకుతాది?"

"కడపలో దొరక్కుండా ఉంటుందా? మిషన్ మీది నెంబరు చదివి చెప్పమను."

కడప బస్టాండు రాగానే అనసూయమ్మ సంచి భుజానికి తగిలించుకుని, కండక్టరు "నిదానమవ్వా" అంటున్నా వినకుండా అందరికన్నా ముందు దిగింది. దిగి, వెనక్కి తిరిగి, "రా మే బిరబిరా, అంగళ్లు మూస్తారు!" అని కేకేసింది.