అమ్మవారి మహిమ, సబ్బు మహిమ

నోటితో చెప్పుకుంటే పరువు పోతుంది, చెప్పకపోతే నవ్వు ఆగడం లేదు. అందుకే ఈ సాయంత్రం కలం పట్టాను.

రేపు మా అమ్మాయికి ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. ఆమ్లమేదో క్షారమేదో గుర్తుండడం లేదని వారం నుంచి ఏడుస్తోంది. గట్టెక్కించమని అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, పసుపంటిన పూజగుడ్డను సబ్బుతో ఉతికాను. మరకలన్నీ కుంకుమలా ఎర్రబడ్డాయి! అమ్మవారు పలికారని పక్కింటి సుబ్బలక్ష్మి గారిని పిలిచి, దండెం ముందే కొబ్బరికాయ కొట్టాను.

అమ్మాయి పరుగున వచ్చింది. "ఏంటమ్మా ఇది? సబ్బులో క్షారం ఉంటుంది. అది తగిలితే పసుపు ఎర్రబడుతుంది" అంటూ మరక మీద నిమ్మకాయ పిండింది. మరక మళ్ళీ పసుపురంగుకి వచ్చేసింది.

"మరి ఈ కొబ్బరికాయ సంగతేంటండి?" అన్నారు సుబ్బలక్ష్మి గారు.

"పచ్చడి చేసేద్దామండి" అన్నాను మెల్లగా.

పసుపునీళ్ళలో సున్నం కలిపి, ముప్పై ఏళ్ళుగా ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తున్నదాన్ని. నాకిది తట్టలేదు!

అమ్మాయి మాత్రం "ఇంక రేపు మర్చిపోనే అమ్మా" అని ఈ వారంలో మొదటిసారి నవ్వింది. అమ్మవారు పలకలేదని ఎవరైనా అనగలరా?

అమ్మాయీ, ఈ కాగితం నీ రికార్డు పుస్తకంలో దాచుకో. ఎగ్జామినరు గారికి మాత్రం చూపించకు.