పత్తికాయ అతుకు

వానలు మొదలైన మూడో రోజు పొద్దున మా మామగారు పోయారు. నేను బడిలో ఆరో తరగతి పిల్లలచేత బొమ్మలు వేయిస్తున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "నాన్న పోయాడు" అని రెండు మాటలు చెప్పి ఏడ్చేశారు. టీ తాగి, వరండాలో గోడకు జారగిలబడి కూర్చున్న మనిషి అలాగే వెళ్లిపోయారట. "అదేంటి మామయ్యా, చూసి చెప్తానన్నారుగా" అనుకున్నాను నేను, అన్నిటికన్నా ముందు. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మామయ్య వడ్రంగి. చిలకలూరిపేట చుట్టుపక్కల చర్చీల్లో ప్రార్థనకు వెళ్లేవాళ్లయితే మీరు ఆయన చేసిన బెంచీల మీద కూర్చునే ఉంటారు. చెక్కకూ చెక్కకూ అతుకు ఎక్కడుందో మీకు తెలిసి ఉండదు. తెలియకూడదనే ఆయన పట్టుదల. "అతుకు కనపడితే జనం దాన్నే చూస్తారమ్మాయ్. కనపడకపోతేనే హాయిగా కూర్చుంటారు" అనేవారు.

నాకేమో అతుకు కనిపించాలి. డ్రాయింగ్ టీచర్ని కదా, అందం దాచుకోవడం నా వల్ల కాదు. ఎవరో చెక్కల మూలల్ని పువ్వుల్లా చెక్కి కలపడం ఫోన్లో చూశాను. మేకు లేదు, మర లేదు. ఒక చెక్క కొసన బొమ్మ, రెండో చెక్కలో అచ్చం అదే ఆకారంలో గుంట. పైనుంచి దించితే ఇమిడిపోవాలి, పక్కకు లాగితే రాకూడదు. మన చేలల్లో ఉన్నదే చెక్కుదామని పత్తికాయ ఎంచుకున్నాను. తొడిమ దగ్గర సన్నం, నడుమ లావు కాబట్టి పట్టు బాగుంటుంది. కాగితం మీద గీసి చూపిస్తే మామయ్య కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి చాలాసేపు చూశారు.

"బల్లకు నగలు చేయిస్తావా? పత్తికాయంటున్నావు, గులాబీ పురుగు పడుద్దేమో చూసుకో" అన్నారు. అత్తయ్య పకపకా నవ్వింది. మర్నాడు చూస్తే నా కోసం సన్న ఉలి ఒకటి నూరి పెట్టి ఉంది.

మొదటి బల్ల నిరుడు మే నెల ఎండల్లో చేశాను, వేప చెక్కతో. నాలుగు మూలలా నాలుగు పత్తికాయలు, వెంట్రుక కూడా దూరనంత బిగువు. గర్వంగా పిలిచి చూపించాను. ఆయన చుట్టూ తిరిగి, "ఊఁ. వానలు రానీ" అని వెళ్లిపోయారు. వానలొచ్చాయి, చెక్క ఉబ్బింది. ఒక సాయంత్రం వంటింట్లో ఉండగా టప్పుమని చప్పుడు. వెళ్లి చూస్తే రెండు మూలలు నిలువునా చీలి ఉన్నాయి. ఏడుపొచ్చింది, అంతకు మించి కోపం వచ్చింది.

"మీకు ముందే తెలుసు కదా మామయ్యా! చెప్పొచ్చుగా?"

"చెప్తే నీ చెవికి తెలుస్తది. చేతికెట్టా తెలుస్తదమ్మాయ్?"

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఆయన చీలిన మూలలకు జిగురు పెట్టి, తాళ్లు బిగించి కడుతూ కూర్చున్నారు. మూడో రోజు నన్ను పిలిచి, భుజం మీది తువ్వాలు అంచు నుంచి ఒక పోగు లాగి నా చేతిలో పెట్టారు. మన ఎండలకు చెక్క ముడుచుకుపోతుందట. అప్పుడు బిగించి కొడితే వానలకు అది ఉబ్బడానికి చోటుండదు. అందుకని ఎండాకాలం చేసే అతుక్కి చుట్టూ ఆ నూలుపోగు నడిచేంత సందు వదలాలి. టేపు ఉన్నా, స్కేలు ఉన్నా, ఆ సందుకు మాత్రం ఆయన పోగే వాడేవారు. ఆయన తువ్వాళ్లన్నీ అంచులు ఊడి ఉండేది అందుకే. కొత్త తువ్వాలు కొన్నప్పుడల్లా అత్తయ్య తిట్టిపోసేది.

ఈ వేసవిలో రెండో బల్ల మొదలుపెట్టాను. ఎవరో పడగొట్టిన పాతింటి టేకు దూలాన్ని కోయించి తెచ్చింది ఆయనే. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. ఉలి నాకిచ్చి, తను చెక్కను మోకాలితో అదిమి పట్టేవారు. నేను గీత తప్పితే ఏమీ అనరు, చిన్నగా దగ్గుతారు. ఇప్పుడు ఉలి పట్టుకుంటే ఆ దగ్గు కోసం ఆగిపోతున్నాను.

బల్ల పూర్తయ్యాక పోగు తీసి నాలుగు పత్తికాయల చుట్టూ నడిపించారు. ఎక్కడా చిక్కుకోలేదు.

"బాగుందా మామయ్యా?"

"అప్పుడే అడగమాక. వాన తడి తగలనీ, చూసి చెప్తా."

ఎవరి పనినీ ఆయన ఊరికే బాగుందనరు. ఏడాది పైగా ఆ ఒక్క మాట కోసమే నేను ఉలి పట్టాను. వాన మొదలైన రెండో రోజు మళ్లీ అడిగితే, "తడి ఇంకా లోపలికి దిగలేదు. ఆదివారం చూద్దాంలే" అన్నారు. ఆదివారానికి ఆయన లేరు.

ఆయన కోసం ఇంట్లో ఆదరణ కూడిక పెట్టిన నాటికి వాన వారం రోజులుగా పడుతూనే ఉంది. ఫోటో పెట్టడానికి మా ఆయన ఆ బల్లే ముందుకు జరిపారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరూ భోజనాలకు లేచారు. మామయ్యతో కలిసి పనిచేసిన ఒంగోలు వైపు ముసలి మేస్త్రి ఒకాయన మాత్రం ఫోటో ముందే ఉండిపోయారు. కాసేపటికి బల్ల మూల మీద బొటనవేలు ఆనించి తడిమారు. చెక్క ఉబ్బి సందు పూర్తిగా మూసుకుపోయింది. ఎక్కడా చీలలేదు.

"మీ మామ పనే" అన్నారు నా వైపు తిరిగి. "ఇట్టా కలిపే చెయ్యి ఇంకోటి లేదమ్మా. ఎంత బాగుందో చూడు."

నాదేనండీ అని నోటిదాకా వచ్చింది. "అవునండి, మామయ్య పనే" అన్నాను.

ఆయన వేలు తీయకుండా అంచు వెంబడే రెండో మూలకు నడిచారు. నేను ఆయన వెనకాలే నడిచాను.