ఆవిడ దీవించడానికి రాలేదు

మా అక్క చిన్నకూతురికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం పెట్టుకున్న రోజునే అక్క అత్తగారి వైపు వాళ్ళు అక్కతో ఒక మాటన్నారు. "నీ పెళ్ళికి ఆ మనిషి తనంతట తానే వచ్చి దీవించింది కదమ్మా, కాపురం పచ్చగా ఉంది. దీని పెళ్ళికి కూడా అట్టాంటి వాళ్ళనెవరినన్నా పిలిపించి అక్షింతలు వేయిద్దాం."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ముప్పై ఏళ్ళకు పైగా ఊపుతూనే ఉన్నాను.

ఆ కథ మా రెండు కుటుంబాల్లోనూ బాగా నలిగింది. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగింది కూడా. నిజానికి ఆవిడ దీవించడానికి రాలేదు. జాకెట్టు చెయ్యి సరిచేయడానికి వచ్చింది. మిగతాదంతా నా ఘనకార్యం.

ఎనభైల్లో మాచర్లలో మా వీధి చివర, మెకానిక్ షెడ్డు పక్క గదిలో ఆవిడ కుట్టుమిషను ఉండేది. మగపిల్లాడిగా పుట్టి, చీర కట్టుకుని ఆడమనిషిగా బతుకుతున్న మనిషి. కృష్ణ అవతల నుంచి వచ్చిందనేవాళ్ళు. అలాంటి వాళ్ళకు మా ఊళ్ళో ఒక ముతక మాట ఉండేది. అప్పట్లో నేనూ వాడాను, ఇప్పుడు కాగితం మీద పెట్టను. షెడ్డు సాయిబు మాత్రం "ఆపా", అంటే అక్కా, అని పిలిచేవాడు. టీ తెప్పిస్తే రెండు గ్లాసులు తెప్పించేవాడు.

అప్పట్లో మా ఊళ్ళో జాకెట్లు కుట్టేది మగ టైలర్లే. ఆడవాళ్ళు వాళ్ళ చేత కొలతలు తీయించుకునేవాళ్ళు కాదు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి పంపేవాళ్ళు. దాన్ని ఆది జాకెట్టు అనేవాళ్ళు. కాన్పులై ఒళ్ళొచ్చినా, జ్వరమొచ్చి చిక్కినా, ఆది జాకెట్టు మాత్రం మారదు. అలా మా వీధి ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టుకుని బతుకుతున్న కాలంలో, ఆవిడ మెళ్ళో టేపు వేసుకుని వచ్చింది. మా అమ్మ వంటింట్లో చేతులు బార్లా చాచి నిలబడేది.

"ఏందొదినా, కిందటేటికంటే రెండంగుళాలు పెరిగావు? అన్నకి రెండు మెతుకులన్నా మిగులుస్తున్నావా?"

"నీ నోట్లో మన్నుబడ! మెల్లగా అనవే, ఆయన బయటే ఉన్నాడు."

ఆయన, అంటే మా నాన్న, చిత్రమైన మనిషి. నలుగురిలో ఆవిణ్ణి "వాడు" అనేవాడు. ఆవిడ గడపలో అడుగుపెట్టగానే మాత్రం మంచం మీద నుంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీదకు పోయేవాడు, ఏ ఆడమనిషి వచ్చినా పోయినట్టే. ఆయన నోరు ఒకటి నమ్మింది, కాళ్ళు ఇంకొకటి నమ్మాయి.

నేను చిన్నప్పుడు "అక్కా" అనేవాణ్ణి. నా స్కూలు నిక్కర్లకు మాసికలు వేసింది ఆవిడే. కాలేజీకి పోయి, మీసం వచ్చాక, ఏమీ పిలవకుండా పని జరుపుకోవడం నేర్చుకున్నాను. ఆవిడ గమనించే ఉంటుంది.

అక్క పెళ్ళి ఎండాకాలంలో, మా ఇంట్లోనే. మగపెళ్ళివారిది నరసరావుపేట. పదకొండు జాకెట్లూ ఆవిడే కుట్టింది. ముహూర్తం జాకెట్టుకు చెయ్యి బిగించడం ఒక్కటే మిగిలింది. అమ్మ ఆవిడ గదికి స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పెళ్ళికి పిలిచింది. ఆ వీధిలో ఎవరూ ఆవిణ్ణి అలా పిలవలేదట. ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చి, నుదుటి మీద ఆ కుంకుమ చెదరనివ్వకుండా చెమట అద్దుకుంటూ అక్కతో అంది. "పెళ్ళినాడు పొద్దున్నే వస్తానే. చెయ్యి నీ ఒంటి మీద చూసి బిగిస్తా. ఆడోళ్ళ బంతిలో నాకు చోటు పట్టించు. అన్నం తినిగానీ పోను."

చెప్పినట్టే వచ్చింది. కొత్త చీర, జడలో కనకాంబరాలు, చేతిలో జాకెట్టు సంచి. అప్పటికి నేను పందిట్లో పెళ్ళికొడుకు తరఫు కుర్రాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళ సిగరెట్లు కాలుస్తూ పెద్దమనిషినైపోయాను.

"ఏంది బావా, డాన్సు పార్టీ కూడా పెట్టించారా?" అన్నాడొకడు. నవ్వులు.

"మీకు దగ్గరోళ్ళేనా?" అన్నాడు ఇంకొకడు.

ఆవిడ నన్ను చూసి నవ్వి, ఇంట్లోకి పోబోతోంది. నాకు చెవులు కాలిపోయాయి. లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"మా వాళ్ళు కాదు. పందిరి చూసి వచ్చుంటది. దీవించి పోతది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. మాసికలు వేసేటప్పుడు, "కదలమాకురా, సూది గుచ్చుకుంటది" అని చూసే చూపే. ఆ ఒక్క క్షణంలో నేను మాట మార్చొచ్చు. మార్చలేదు.

ఈలోపు పెళ్ళికొడుకు మేనత్త లోపలి నుంచి పరుగున వచ్చింది. ఆ పెద్దావిడ నమ్మకం వేరు. "శుభం! అడక్కుండా వచ్చారంటే అదృష్టమే. వాళ్ళ నోటిమాట జరిగి తీరుద్ది" అంటూ చేటలో బియ్యం, కొబ్బరికాయ, ఒక ఆకుపచ్చ రవికగుడ్డ పెట్టి పట్టుకొచ్చి, వంగి కాళ్ళకు దణ్ణం పెట్టింది. కుర్రాళ్ళు ఎగతాళి చేశారు, ఆ పెద్దావిడ మొక్కింది. గడప దాటి లోపలికి రమ్మని మాత్రం ఎవరూ అనలేదు. అనాల్సిన అమ్మ వెనక దొడ్లో వంటల దగ్గర ఉంది.

"చప్పట్లేవీ?" అని అరిచారు కుర్రాళ్ళు.

"పెళ్ళయ్యాక మీరే కొట్టండి నాయనా. నా చేతులకు పనుంది," అంది ఆవిడ. గుమ్మం బయటే నిలబడి, లోపలి వైపు నాలుగు అక్షింతలు వేసి, "చల్లగా ఉండు తల్లీ," అంది. చేటలోంచి ఆ రవికగుడ్డ ఒక్కటే తీసుకుంది. సంచి నా చేతిలో పెట్టి, మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు, "ఎడమచెయ్యి అరంగుళం వదులుంది. పిన్నీసు పెట్టుకోమను," అని చెప్పి వెళ్ళిపోయింది.

అమ్మ తర్వాత అడిగితే, "ఏదో పనుందని పోయింది," అన్నాను. మేనత్తగారు చెప్పిన దీవెన కథ అమ్మకు చేరేసరికి అది పెద్ద గొప్పై కూర్చుంది. నేను కాదనలేదు.

పదిరోజుల తర్వాత సాయిబు ఒక పొట్లం తెచ్చిచ్చాడు. ఆ ఆకుపచ్చ గుడ్డే, అక్క కొలతలకు కుట్టిన జాకెట్టై వచ్చింది. లోపల అటూ ఇటూ రెండేసి కుట్లు అదనంగా వేసి ఉన్నాయి, ఒళ్ళొస్తే విప్పుకోవడానికి. "ఆపా పెళ్ళికూతురికిమ్మంది," అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆవిడ మా ఇంటి గుడ్డ ముట్టలేదు. అమ్మ వెళ్తే, "చేతి నిండా చానా పనుందొదినా," అనేది నవ్వుతూనే. పక్కింటివాళ్ళవి కుడుతూనే ఉండేది. "ఏం పాపం చేశానో," అని అమ్మ చాలాసార్లు నా ముందే అనుకుంది. చివరికి మళ్ళీ ఆది జాకెట్టుకే వచ్చి, మళ్ళీ ఊపిరి బిగబట్టింది. కొన్నేళ్ళకు ఆవిడ గది ఖాళీ చేసింది. ఎక్కడికి పోయిందో సాయిబుకు తెలిసే ఉంటుంది. ఎందుకని అడుగుతాడేమోనని నేను అడగలేదు.

మొన్న ముహూర్తాల రోజు అందరూ వెళ్ళాక అక్కతో ఇదంతా చెప్పేశాను. అక్క బీరువాలోంచి పెళ్ళి ఫొటో తీసింది. పీటల మీద ఎడమచెయ్యి ఒంటికి అదుముకుని, తల దించుకుని కూర్చుంది. సిగ్గని అందరూ మెచ్చుకున్న ఫొటో.

"సిగ్గు కాదురా, పిన్నీసు. చెయ్యి కదిపితే గుచ్చుకునేది," అంది అక్క. "ఆ రోజు కిటికీలోంచి చూస్తానే ఉన్నా. ఎప్పుడు చెప్తావా అని ఇన్నేళ్ళు చూశా."

"మరి నువ్వన్నా అరవొచ్చుగా?"

"పెళ్ళికూతుర్ని. నోరిప్పే ధైర్యం నాకూ లేకపోయింది." ఫొటో బీరువాలో పెట్టేస్తూ, "ఆ పచ్చ జాకెట్టు నాలుగు కుట్లూ విప్పేశా. ఇంక విప్పడానికేం లేదు," అంది.

"రేపు మీ వాళ్ళందరికీ ఏమని చెప్పను?"

"ఆవిడ అన్నానికొచ్చిందని చెప్పు. నువ్వే చెప్పు. పిన్నీసు సంగతి నేను చెప్తా."