టోచన్ తాడు అవతలి కొస

ఎవరికైనా గాలి సోకిందంటే ముందు రక్తపరీక్ష చేయించమని చెప్పే మనిషిని నేను. దయ్యం, గాలి, ధూళి అన్న మాటలు వింటేనే నాకు చిరాకు. గద్వాలలో ట్రాక్టర్ సామాను దుకాణం నడుపుతాను. పొద్దస్తమానం ఇనుముతో బతికేవాడికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. ఏ బండీ ఊరికే ఆగదు, ఊరికే కదలదు. కారణం ఉంటుంది, మనకు దొరకదు అంతే. ఈ మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. కాకపోతే ఒక్క కారణం మాత్రం ఇన్నేళ్లుగా వెతికినా దొరకలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న రోజుల్లో జరిగింది ఇది.

నాకొక పిచ్చి ఉంది. పాత మిలిటరీ లారీలు. చిన్నప్పుడు పెబ్బేరు దగ్గర కర్నూలు రోడ్డు మీద మిలిటరీ బండ్ల వరస పోతుంటే బడి ఎగ్గొట్టి చూసేవాణ్ణి. ముందు బండి ఆగితే చివరి బండి దాకా అన్నీ ఆగేవి. ఒక్కటి కూడా ఇంకోదాన్ని వదిలి పోయేది కాదు. ఆ లారీలే ముసలివయ్యాక వేలంలో అమ్ముడుపోయి అడవుల్లో కలప మోసి, బోరు మిషన్లు మోసి, చివరికి ఏదో కొట్టంలో తుప్పు పడతాయి. నేను వాటిని వెతికి కొంటాను. కిరాయికి తిప్పను, అమ్మను. మరి ఎందుకయ్యా అంటే, ఆదివారం పూట బానెట్ ఎత్తి చేతులు నల్లగా చేసుకుంటే నాకు కడుపు నిండుతుంది.

నా భార్య సువర్ణ వాటిని సవతులంటుంది. అప్పటికి ఇద్దరు సవతులు ఇంటి వెనక ఖాళీ జాగాలో ఉన్నారు. మూడోది అచ్చంపేటలో దొరికింది. నల్లమల నుంచి వెదురు మోసిన బండి. ఇంజిన్ పట్టేసి ఎన్నో ఏళ్లుగా కొట్టంలో పడి ఉంది. స్టీరింగ్, బ్రేకులు, చక్రాలు మాత్రం పనిచేస్తున్నాయి. దాన్ని నా రెండో లారీతో గద్వాల దాకా లాక్కురావాలి.

ఇలా లాగడాన్ని లారీ వాళ్లు టోచన్ అంటారు. ముందు బండికి, చచ్చిన బండికి మధ్య గొలుసు వేస్తారు. గొలుసు లాగగలదు కానీ ఆపలేదు. దిగుడు వస్తే వెనక బండి దొర్లుకుంటూ వచ్చి ముందు బండిని గుద్దుతుంది. అందుకని వెనక బండి స్టీరింగ్ మీద తప్పకుండా ఒక మనిషి ఉండాలి. మలుపులో తిప్పాలి, దిగుడులో బ్రేకు నొక్కుతూ గొలుసు బిగువుగా ఉంచాలి.

వెనక బండికి బ్యాటరీ ఉండదు కాబట్టి హారన్ ఉండదు. నా లారీకి వెనక నిండా టార్పాలిన్ కప్పు ఉంది, అద్దంలో ఏమీ కనబడదు. దానికి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. వెనక క్యాబిన్ నుంచి నా క్యాబిన్‌కు, గొలుసు పైనుంచి ఒక నైలాన్ తాడు. నా వైపు కొసకు మా నాయన ఎద్దు మెడలోని గంట. వెనక మనిషి రెండుసార్లు గుంజితే కదలాలి, ఒకసారి గుంజితే ఆపాలి. గంట మోగిందా, ఎందుకని అడగొద్దు, దిగి చూడొద్దు. తాడు చెప్పిందే మాట.

వెనక కూర్చునేది నా బావమరిది బాలరాజు. సువర్ణకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లీతండ్రీ లేని పిల్లాణ్ణి ఆమే సాకి పెద్ద చేసింది. ఆ నెల్లోనే వాడికి పెళ్లి. మేము బయలుదేరుతుంటే సువర్ణ గడప దాటి వచ్చి మరీ నాకు చెప్పింది. "పెండ్లికొడుకును తీస్కపోతున్నవ్, జర పైలం. వానికి గోరంత దెబ్బ తాకినా నా సవతులందర్ని నేనే తగలవెడ్త. నిన్ను గుడ." నవ్వుతూనే అంది. కానీ కళ్లు నవ్వలేదు.

అచ్చంపేటలో పొద్దున్నే గొలుసు బిగించి బయలుదేరాం. సైకిల్ వేగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. నాగర్‌కర్నూల్ దాటి కోడేరు చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. దారి పొడవునా బాలరాజు నన్ను గుద్దుతూనే ఉన్నాడు. ప్రతి దిగుడుకూ ఒక ధడేల్. పెళ్లి ధ్యాసలో ఉన్నాడని తిట్టుకున్నాను.

కోడేరు దాటే చోట చాంద్‌బీ అనే ఒకావిడ చాయ్ హోటల్ నడిపేది. అక్కడ ఆగాం. చాయ్ తాగి నేను నా క్యాబిన్ ఎక్కాను. అద్దం మీద దుమ్ము తుడుస్తుంటే గంట మోగింది. రెండుసార్లు. స్టార్ట్ చేసి కదిలాను.

అక్కడి నుంచి పాన్‌గల్ వైపు దారిలో ఒక పెద్ద దిగుడు, దాని నడుమ లోయ అంచున వంకర మలుపు ఉన్నాయి. గుద్దుతాడని ముందే పళ్లు బిగబట్టి కూర్చున్నాను. గుద్దలేదు. మలుపు తిరిగాను, వెనక బండి కూడా మెత్తగా తిరిగినట్టు గొలుసు లాగుడులోనే తెలిసింది. దిగుడు పొడవునా గొలుసు ఒక్కసారి కూడా సడలలేదు. చాయ్ పడ్డాక బామ్మర్దికి తెలివొచ్చిందని మురిసిపోయాను. ఇంటికెళ్లాక సువర్ణ ముందు మెచ్చుకోవాలనుకున్నాను కూడా.

దిగుడు అయిపోయి కొంత దూరం చదును. తర్వాత ఎక్కుడు మొదలవుతుంది. సరిగ్గా ఆ ఎక్కుడు మొదట్లో గంట ఒకసారి మోగింది.

ఆపాను. పొద్దున అచ్చంపేటలో మిర్చి బజ్జీలు తెగ తిన్నాడు, కడుపు గడబిడ అయి ఉంటుందనుకున్నాను. కొంచెంసేపు చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఓరేయ్ అని కేకేశాను. చివరికి దిగి వెనక్కి నడిచాను.

వెనక క్యాబిన్ తలుపు వేసి ఉంది. లోపల ఎవరూ లేరు. తాడు ఎప్పటిలాగే కిటికీ కమ్మీకి కట్టి ఉంది.

ఎటైనా దిగి పోయాడేమో అనుకున్నాను. చుట్టూ చేలు, చాటు ఇచ్చే చెట్టన్నది లేదు. లారీ కింద చూశాను. అప్పుడు గొలుసు కొండీ కనబడింది. నా బండి వైపు కొండీ నోరు తెరుచుకుని ఉంది. గొలుసు దాని కొసన అలా ఆని ఉందంతే. ఆ ఎక్కుడు ఎక్కి ఉంటే గొలుసు జారి, వెనక బండి వెనక్కి దొర్లిపోయేదే.

వెనక ఒక ట్రాక్టర్ ఆగి ఉంది. ట్రాలీ నిండా పత్తి ఏరే ఆడకూలీలు. వాళ్ల దగ్గరికి పరుగెత్తాను. మా వాడు ఎక్కడైనా కిందపడటం చూశారా అని అడిగాను.

వాళ్లలో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. "పడుడేంది సారూ? డ్రైవరు గండ్లనే ఉన్నడు గద. గిప్పుడే చెయ్యి బయటవెట్టి మమ్ముల దూరం ఉండుమని సైగ జేసిండు. గందుకే మేం ఆగినం."

మిగతావాళ్లు కూడా అవునన్నారు. ఎట్లాంటి మనిషి అని అడిగితే, చెయ్యి ఒక్కటే కనబడిందన్నారు.

ఆ మాట అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు. నాకున్నది ఒకటే ఆలోచన. వీడు మలుపులో ఎక్కడో జారి పడ్డాడు, చక్రం కింద పడ్డాడు. సువర్ణకు ఏం చెప్పాలి? పెళ్లికూతురు వాళ్లకు ఏం చెప్పాలి? ఎదురుగా వచ్చిన మోటార్ సైకిల్ అతని కాళ్లావేళ్లా పడి వెనక కూర్చున్నాను. మెల్లగా పొమ్మని, రోడ్డుకు రెండు పక్కలా చూసుకుంటూ పోయాను. ఒకచోట కంపచెట్టుకు చిక్కిన గళ్ల గుడ్డ కనబడింది. బాలరాజు అంగీ అనుకుని కేక పెట్టాను. ఎవరో చేనికి కట్టిన దిష్టిబొమ్మ గుడ్డ అది. ఏడుస్తున్నానని నాకు తెలియలేదు, ఆ మోటార్ సైకిల్ అతనే ఊరుకో అన్నా అన్నాడు.

కోడేరులో చాంద్‌బీ హోటల్ ముందు బల్ల మీద మా బాలరాజు నిమ్మకాయ సోడా తాగుతూ కూర్చున్నాడు. మూతి ముడుచుకుని ఉన్నాడు.

"ఏం బావ, ఇప్పటికి యాదికొచ్చిననా? చెంబు వట్కొని చేన్లకు పోయి వచ్చేసరికి బండ్లే లెవ్వు. ఇడిసిపెట్టి పోయినవేంది?"

చెంప మీద ఒక్కటిచ్చాను. ఆ వెంటనే గట్టిగా పట్టుకున్నాను. వాడికేమీ అర్థం కాలేదు. పైగా చాంద్‌బీ నన్నే కోప్పడింది. "పిల్లగాడు ఎంత పరేషాన్ అయిండో తెల్సా? బండి కదిలిన సప్పుడు ఇని నేను బయటికొస్తి, అప్పటికే మీరు దూరం పోయిన్రు. ఎన్క కూసునేటోడు లేకుంట ఎట్ల పోయినవయ్యా నువ్వు?"

 గంట మోగితే పోయాను. మరి గంట ఎవరు మోగించారు?

కొత్త కొండీ కొనుక్కుని తిరిగి బండ్ల దగ్గరికి వచ్చాం. దారిలో బాలరాజుకు జరిగిందంతా చెప్పాను. ముందు నవ్వాడు. బండి దగ్గరికి వచ్చి, క్యాబిన్‌లోకి తొంగి చూసి నవ్వు ఆపేశాడు. హ్యాండ్ బ్రేకు పైకి లాగి ఉంది. చాంద్‌బీ హోటల్ దగ్గర ఆగినప్పుడు కూడా దాన్ని లాగిపెట్టే దిగానన్నాడు వాడు. అదే బ్రేకు అలాగే ఉండి ఉంటే కోడేరులో బండి కదిలేదే కాదు. నేను ఈడ్చుకుంటూ పోయి ఉంటే టైర్లు కాలి కంపు కొట్టేవి. టైర్లు ముట్టుకుని చూశాను, మామూలుగా ఉన్నాయి. అంటే ఒకసారి దించారు, మళ్లీ లాగారు.

తర్వాత నాకు తెలిసిన మెకానిక్కులందరినీ అడిగాను. తాడు ఏ కంపకో తగులుకుని ఉంటుందన్నాడు ఒకడు. తాడు రెండు బండ్ల నడుమ గొలుసు మీదే పోతుంది, అక్కడ కంప ఎక్కడిది? స్టీరింగ్ పట్టేసి తిన్నగా వచ్చిందేమో అన్నాడు ఇంకొకడు. తిన్నగా వస్తే మలుపు దగ్గర లోయలో ఉండాలి కదా. కూలీలు చూసింది టార్పాలిన్ కొస ఊగడమేమో అన్నాడు మూడోవాడు. టార్పాలిన్ ఉన్నది నా ముందు బండికి. ఒక్కొక్కదానికి ఒక్కో జవాబు వెతుక్కోవచ్చు, అన్నీ ఒకే దారిలో, ఒకే పూట ఎట్లా జరుగుతాయన్నదే నాకు అంతుపట్టదు. చనిపోయిన డ్రైవరెవరైనా ఉన్నాడా అని అచ్చంపేటలో బండి అమ్మినాయన్ని కూడా సిగ్గు విడిచి అడిగాను. అలాంటిదేమీ లేదు, దాని మీద చీమ కూడా చావలేదన్నాడు. ఉందన్నా బాగుండేది, ఏదో ఒకటి అనుకుని పడి ఉండేవాణ్ణి.

బాలరాజు పెళ్లి అయ్యాకే సువర్ణకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు పొద్దున పసుపు, కుంకుమ తీసుకుని పోయి మూడో బండి స్టీరింగ్‌కు పెట్టింది. ఆ రోజు నుంచి దాన్ని సవతి అనడం మానేసింది. అక్క అంటుంది. బండి ఇంజిన్ నేను బాగుచేయించాను, ఇప్పుడు సొంతంగా నడుస్తుంది. అమ్మమని అడిగినవాళ్లున్నారు, ఇవ్వలేదు.

సువర్ణకు చెప్పని సంగతి ఒకటి మిగిలింది.

ఆ రోజు కొండీ మార్చాక, మళ్లీ ఆ బండిలో కూర్చోనని బాలరాజు మొండికేశాడు. "పానం వోయినా నేను గండ్ల కూసోను బావ. నేను ముందు బండి నడ్పుత, నువ్వే కూసో." పెళ్లికొడుకును బలవంతపెట్టడానికి నాకూ మనసొప్పలేదు. నేనే వెనక ఎక్కాను. దేవుణ్ణి తలుచుకున్నాను, భయమేసింది, అబద్ధమెందుకు. తలుపు వేసి, బ్రేకు దించి, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని చూసుకుంటున్నాను. రెండు చేతులూ వేసి, నడుము వంచితే తప్ప తిరగనంత బరువుంది అది. ఇంతలోనే గొలుసు బిగిసింది. బండి కదిలింది.

వనపర్తి దాటాక చాయ్‌కి ఆగినప్పుడు వాణ్ణి గట్టిగా తిట్టాను. నేను చెప్పకముందే ఎందుకు కదిలించావ్, ఇంకా సర్దుకోనే లేదు అన్నాను.

వాడు గ్లాసు పట్టుకుని నా వైపు అయోమయంగా చూశాడు. "నువ్వే గద బావ, రెండుసార్లు గుంజితివి."

అవునవును, మర్చిపోయాను అన్నాను. వచ్చే వారం పెళ్లి పెట్టుకున్న పిల్లాడికి ఇంకేం చెప్పను? వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ రెండు గుంజుళ్లూ నావేనని ఇప్పటికీ నమ్ముతున్నాడు. నా చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. కిటికీ కమ్మీకి కట్టిన తాడు ముడిని నేను ముట్టుకోనే లేదు.