ఫైర్‌వాల్ అడిగిన ప్రశ్న

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి మా ఇంట్లో రోజూ అన్నం పెట్టేవారు. తూకం వేసిన సంచిని మళ్లీ తూకం వేయనిదే మా బాపుకి నిద్ర పట్టేది కాదు.

చేవెళ్లలో మాది ఎరువుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పక్కన గోదాము. దుకాణంలో బాపు కంప్యూటర్, గోదాములో ఆయన తమ్ముడు, అంటే మా కాక కంప్యూటర్. రెండింటినీ ఒక వైరు కలిపేది. ఎంత సరుకుందో కాక తన దగ్గరి నుంచే బాపు కంప్యూటర్‌లో చూసుకునేవాడు.

నేనేమో మొయినాబాద్ మీదుగా రోజూ బస్సులో హైదరాబాద్ వెళ్లి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. బయటివాళ్లు చొరబడకుండా కంప్యూటర్‌ను కాపాడే ఫైర్‌వాల్ ఉంటుంది కదా, దాని సెట్టింగులు మామూలు మనుషులకు అర్థమయ్యేలా మార్చడం మా పని.

బాపు కొత్త కంప్యూటర్ కొన్న మర్నాడే కాకకు సరుకు లెక్క కనబడడం మానేసింది.

“అన్నా, ఎవరు మూసిండ్రు దీన్ని?”

“అంటే, నేను దొంగనా?” బాపు వెంటనే భుజాలు తడుముకున్నాడు.

సాయంత్రానికి కాక గోదాముకు రెండో తాళం వేశాడు. వేరు పడదామన్న మాట కూడా వచ్చేసింది. నాకు భయమేసి కంప్యూటర్ తెరిచి చూశాను. ‘ఇది ఇల్లా, పబ్లిక్ స్థలమా?’ అని ఫైర్‌వాల్ అడిగిందట. కొత్త కంప్యూటర్ బిగించినవాడు చదివి చెబితే బాపు పబ్లిక్ అన్నాడట.

“దుకాణానికి పదిమంది వస్తరు. ఇల్లని ఎట్ల చెప్త?”

నిజమే. పబ్లిక్ అంటే పక్క కంప్యూటర్లకు తలుపు మూసేస్తుందని ఆ తెర ఎక్కడా చెప్పలేదు. సరిచేశాను. కాక తాళం తీశాడు గానీ బాపును ఓరగా చూస్తూనే తీశాడు.

ఆ ఫైర్‌వాల్ మా కంపెనీదే. ఆఫీసులో పోట్లాడి మరీ ఆ ప్రశ్న మార్పించాను. కొత్తది తయారవగానే గర్వంగా తెచ్చి బాపు కంప్యూటర్‌లోనే వేశాను. కాకను కూడా పిలిచి నిలబెట్టి, ఇద్దరికీ వినబడేలా చదివాను. “ఈ వైరుతో కలిపి ఉన్న వేరే కంప్యూటర్లను మీ దాంట్లోకి రానివ్వాలా?”

“అంటే, గోదాముల ఉన్నదా?”

“అవును బాపు.”

“గిప్పుడు సాఫ్‌గ సమజైంది బిడ్డా,” అని బాపు ‘వద్దు’ మీద నొక్కాడు.

నాకు ఏడుపొచ్చింది. పాత ప్రశ్నే ఉండి ఉంటే తప్పు దాని మీదకు నెట్టేసేవాళ్లం.

కాక గోదాములోకి వెళ్లి, తీసి పడేసిన రెండో తాళాన్ని వెతకడం మొదలుపెట్టాడు.