అట్ట మీద మార్కులు

పాత ట్రంకుపెట్టె తెరవగానే చెమ్మ పట్టిన అట్టల వాసన కొట్టింది. బాపు గ్రామఫోన్ రికార్డులు. మా ఇంట్లో నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్లం. ఒక్కో అట్ట మూలన పెన్సిల్‌తో నేను వేసిన మార్కులు ఇంకా ఉన్నాయి.

బెల్లంపల్లిలో బాపు బొగ్గుగని ఆఫీసులో క్లర్కు. బదిలీ మీద పోతూ ఒక ఆఫీసరు ఇచ్చిపోయిన హిందుస్తానీ రికార్డులవి. ఆదివారానికొకటి వినేవాడు. ఎనిమిదేళ్ల నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పదికి ఎన్నో వేయమనేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బాపు కళ్లు మూసుకుంటే తొమ్మిది, గడియారం చూస్తే ఆరు వేసేదాన్ని.

"నా బిడ్డకు మంచి చెవి ఉన్నది" అని అందరికీ చెప్పుకునేవాడు.

ఒక ఆదివారం రికార్డు తిరుగుతుండగానే, వంటింట్లో అవ్వ జొన్నరొట్టెలు కొడుతూ ఆ దెబ్బలకే నాట్ల పాట అందుకుంది. బాపు ముల్లు ఎత్తేశాడు.

"మీ అవ్వ పాటకు ఎన్నేస్తవ్ బిడ్డా?"

అలవాటుగా ఆయన ముఖం చూశాను. మూతి వంకరగా ఉంది.

"సున్నా" అన్నాను.

బాపు పడీపడీ నవ్వాడు. అవ్వ పిండి చేతులతో గడప దాకా వచ్చి, "గట్లనా బిడ్డా?" అని తనూ నవ్వింది. నవ్వింది కదా, ఏం కాలేదనుకున్నాను.

ఆమె పోయేదాకా ఆ వంటింట్లోంచి మళ్లీ రొట్టెల చప్పుడే తప్ప పాట రాలేదు.

ఇప్పుడు ఆ రికార్డులన్నీ ఫోన్‌లో వరుసగా వింటున్నాను. కొన్ని నిజంగానే గొప్పవి. కొన్ని గొప్పవని చెప్పుకోవడానికే పనికొస్తాయి. నిన్న వింటూ నేను నిద్రపోయిన రికార్డుకు తొమ్మిది ఉంది. రబ్బరుతో చెరిపి, ఒక్కొక్కటే దిద్దుతున్నాను.

అవ్వకు వేసిన సున్నా దిద్దుదామంటే, ఆ పాటకు అట్ట లేదు.