డబ్బా కోసం చేసిన ప్రమాణం

ఆ కారంటే నాకు మొదటి రోజు నుంచే గిట్టలేదు. కారు మీద పగేమిటని నవ్వుతారేమో, నవ్వుకోండి. బతుకంతా ఇంజన్లతో కాపురం చేసినవాణ్ణి. అంబాసిడర్ బానెట్ ఎత్తితే అన్నీ ఎదురుగా కనపడతాయి. కార్బురేటర్ ఇదిగో, డిస్ట్రిబ్యూటర్ అదిగో. జబ్బెక్కడుందో చెవి పెట్టి వింటే తెలిసిపోతుంది. ఈ ఫారిన్ కారులో అసలు కార్బురేటరే లేదు. బానెట్ కింద ఎటు చూసినా తీగలు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఎనభైల చివరి మాట ఇది. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద నాకు రేకుల షెడ్డు ఉండేది. ఆ కారు పక్క ఊరి సున్నపు బట్టీల ఆసామిది. మద్రాసులో ఎవరో దొరగారు దేశం వదిలి పోతూ వేలం వేస్తే కొనుక్కొచ్చాడు. మొదటిసారి నా షెడ్డుకి తెచ్చి, దిగకుండానే అద్దం దించి అన్నాడు.

"ఒరేయ్, ఇది నీబోటోళ్ళు ముట్టుకునేది కాదు. చక్రాలకి గాలి చూడు, చాలు."

నేను గాలే చూశాను. చూస్తున్నంతసేపూ లోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

దాన్ని నడిపే డ్రైవరు మా పక్కింటివాడు. చుట్టరికం ఏమీ లేదు కానీ ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. అంతకుముందు లారీలు తోలాడు. ఆ కారు చేతికొచ్చాక మనిషే మారిపోయాడు. కాళ్ళు దులుపుకోకుండా లోపల కూర్చునేవాడు కాదు. ఒకరోజు ఆసామి లేనప్పుడు పక్క సీటు ముందున్న కార్పెట్ ఎత్తి చూపించాడు. చపాతీలు పెట్టుకునే డబ్బాంత అల్యూమినియం డబ్బా. దాని మీద ఈ.సి.యు. అని మూడు ఇంగ్లీషు అక్షరాలు, కింద పొడుగాటి నంబరు.

"ఇంజన్‌కి ఎప్పుడెంత పెట్రోలు పోయాలో ఇదే చెప్పుద్దంట బావా," అన్నాడు గర్వంగా.

"మరి నువ్వెందుకు, నేనెందుకు? దాన్నే తోలుకోమను," అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

శివరాత్రి వచ్చింది. ఆసామి ఊరి నుంచి కోటప్పకొండకి ఏటా ఎడ్లబండి మీద గోపురమంత ఎత్తున కట్టిన పెద్ద ప్రభ వెళుతుంది. ఆ ఏడు ప్రభ ముందు తన ఫారిన్ కారు నడవాలని ఆయనగారికి కోరిక పుట్టింది. ఊరికే నడిస్తే ఏం గొప్ప? కారు ముందు కూడా ఒక బుల్లి ప్రభ నిలబెట్టాలట. దానికి బంపరు కింద ఛాసిస్‌కి రెండు ఇనప గొట్టాలు వెల్డింగ్ చేసి అతకాలి. ముట్టుకోవద్దన్న మనిషే నా షెడ్డు ముందు కారు ఆపించి, "ఊడకుండా బిగించరా, పదిమందిలో పరువుపోకూడదు," అన్నాడు.

అతికాను. నా చేతులతో నేనే అతికాను. లారీలకి, ట్రాక్టర్లకి ఎలా చేస్తామో అలాగే. ఎర్త్ క్లాంపు ఛాసిస్‌కి తగిలించడం, రాడ్డు అంటించడం. బ్యాటరీ దాని మానాన అది ఉంది. మా బజారులో ఏ వెల్డింగ్ వాడూ ఏనాడూ బ్యాటరీ తీగ ఊడదీసింది లేదు. పని అయ్యాక డ్రైవరు తాళం తిప్పితే బండి ఠంచనుగా స్టార్టయింది. నా అతుకు చూసి నాకే ముచ్చటేసింది.

మూడో రోజున తిరునాళ్ళ. కొండ ఇంకా రెండు మైళ్ళుందనగా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక ఎద్దులు, ప్రభ, జనం, మైకులో పాటలు. ముందు ఈ శవం కదలదు. "తియ్యండ్రా ఆ డబ్బా బండి!" అని అరుపులు. చివరికి పాతికమంది కలిసి ఆ ఫారిన్ కారుని మిరప చేలోకి నెట్టేశారు. ఆసామి తెల్ల పంచె బురదైంది. పక్కూరి ప్రభ వాళ్ళు దాటుకుంటూ పోతూ ఈలలేశారు. నేనూ ఆ జనంలోనే ఉన్నాను. దాపరికమెందుకు, లోపల సంతోషించాను.

ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. కారుని ట్రాక్టరుకి కట్టి నా షెడ్డుకి లాక్కొచ్చారు. నేనూ డ్రైవరూ కలిసి డబ్బా విప్పాం. లోపల పచ్చ పలక మీద ఒకచోట నల్లగా మాడి ఉంది. డబ్బా మీది అక్షరాలూ నంబరూ సుద్దముక్కతో గోడ మీద రాసుకుని మద్రాసుకి ట్రంక్ కాల్ చేయించాం. కొత్తది విదేశం నుంచి రావాలన్నారు. వాళ్ళు చెప్పిన ధరకి ఇక్కడ మంచి పాత ట్రాక్టరు వస్తుంది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆసామికి తిక్క రేగింది.

"మాడిపోయేదానికి అదేమన్నా అట్లపెనమా? మంచిది తీసి అమ్ముకుని, కాలింది పెట్టారు. ఆ కారు మీద చెయ్యేసింది మీరిద్దరే," అన్నాడు, నా షెడ్డు ముందు నిలబడి, బజారంతా వినేటట్టు.

"కాలిన డబ్బాలు ఏ సంతలో అమ్ముతున్నారో చెప్పండయ్యా, నేనూ పోయి చూసొస్తా," అన్నాను.

"నోరు మూసుకోరా, దొంగ నా కొడకా!"

అరికాలి మంట నెత్తికెక్కింది. పక్క కొట్టువాళ్ళు పట్టుకోకపోతే చేతిలో స్పానర్ ఏం చేసేదో తెలియదు. ఎన్నో ఏళ్ళుగా ఆ షెడ్డు నడుపుతున్నాను. ఎవరి బండిలోనూ నట్టు తీసి ఇంకోడి బండికి పెట్టలేదు. మెకానిక్‌కి ఉండేది చేతులూ, పేరూ. దొంగ అన్న మాట అంటుకుంటే ఆ షెడ్డు ముందు సైకిల్ కూడా ఆగదు.

ఆ రోజుల్లోనే కాలేజీలో కామర్స్ చెప్పే మాస్టారొకాయన స్కూటర్ బాగుచేయించుకోవడానికి వచ్చి, గోడ మీది అక్షరాలు చూశాడు. "ఇవి యూరప్ వాళ్ళ డబ్బు పేరు కదయ్యా, నీ షెడ్డులో ఎందుకున్నాయి?" అన్నాడు. అక్కడ కొన్ని దేశాలు కలిసి లెక్కల కోసం పెట్టుకున్న డబ్బట. దానికి నోటు లేదు, నాణెం లేదు. "మరి లేని డబ్బు ఎట్టా చెల్లుద్ది సార్?" అంటే, "అందరూ ఒప్పుకున్నారు కాబట్టి చెల్లుతుంది," అన్నాడు. నా బాధ నాదైతే ఈయన పాఠం ఈయనది అని విసుక్కుని ప్లగ్గు బిగించి పంపించేశాను.

పెద్దమనుషులు కూర్చున్నారు. పోలీసులెందుకు, కొండ మీద ప్రమాణం చేస్తే తేలిపోతుందన్నారు. మా వైపు అది చివరి మాట. స్నానం చేసి, తడిబట్టలతో మెట్లెక్కి, స్వామి ఎదుట వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పాలి. అబద్ధమైతే మండలం రోజుల్లో ఆ మనిషికి చెడు జరుగుతుంది. ఏమీ జరగకపోతే ఆ మాట నిజం. దాని మీద ఇక నోరెత్తడం ఉండదు.

డ్రైవరు నాతోపాటు బయలుదేరాడు. కానీ మెట్ల కింద ఆపేశారు. వాడి భార్య నాలుగు రోజుల ముందే ప్రసవించింది, మగపిల్లాడు. పురిటి మైలలో కొండెక్కకూడదు. "పురుడెళ్ళాక నేనూ చేస్తానయ్యా," అని అందరికీ చేతులు జోడించాడు.

ఆసామి నవ్వాడు. "ఇద్దరూ ప్రమాణం చేస్తే డబ్బాని దేవుడెత్తుకు పోయాడా? ఒకడు చేస్తే చాలు. రెండోవాడేంటో మాకు తెలుసుద్ది."

ఆ మాట నేను విన్నాను. దాని అర్థమూ తెలిసింది. అయినా మెట్లెక్కాను. నా పేరు నిలబడితే చాలనుకున్నాను.

గుడి ముందు పెద్దమనుషుల్లో పెద్దాయన చెప్పమన్నది ఒక్కటే. "నేను తీయలేదు అని చెప్పరా, చాలు." తీయలేదని చెప్పాను. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. ఆసామి మొహం చూసేసరికి నా నోటిదూల నన్ను వదల్లేదు. "తీయడమే కాదు, నా చెయ్యి పడి ఈ కారుకి ఏ చెడుపూ జరగలేదు. జరిగుంటే ఈ చెయ్యి పడిపోవాలి," అని కర్పూరం మీద అరచెయ్యి వేశాను. మంట ఆరిపోయింది. జనం హరహర మహాదేవ అన్నారు. దిగేటప్పుడు నా నడకే వేరు.

మెట్ల కింద డ్రైవరు ఎదురొచ్చి, "బావా, అయిపోయిందా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు ఆసామి వాడి చొక్కా జేబులోంచి కారు తాళాలు లాక్కున్నాడు.

అంతే. వాడు దొంగ అయిపోయాడు. ఎవరూ విచారించలేదు, ఎవరూ నిరూపించలేదు. నేను కాకపోతే వాడే. పేటలో వాడికి ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. ఇరవైయొకటో రోజున బారసాల పెట్టుకుంటే మా వీధి నుంచి ఒక్కరూ పోలేదు. మేమూ పోలేదు. నా భార్య పోతానంటే నేనే ఆపాను. ఆ తరువాత వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి మాచర్ల వైపు వెళ్ళిపోయారు. నా షెడ్డు ముందు మాత్రం బండ్లు బారులు తీరాయి. స్వామి ఎదుట నిలబడిన మెకానిక్ అని ఈపూరు నుంచి కూడా వచ్చేవాళ్ళు.

వానాకాలంలో మద్రాసు నుంచి కొత్త డబ్బా పట్టుకుని ఒక మెకానిక్ వచ్చాడు. నా షెడ్డులోనే పని. వచ్చీరాని తెలుగులో మాట్లాడేవాడు. బండి ముందు వంగి నా అతుకులు చూసి అడిగాడు.

"ఇది ఎవరు చేసింది? బ్యాటరీ తీసి చేసిందా?"

"తీయకుండానే. ఏం?"

వాడు నెత్తి కొట్టుకున్నాడు. వెల్డింగ్ కరెంటు ఎర్త్ దారి పట్టుకుని డబ్బాలోకి పోతుందట. కొన్ని అక్కడికక్కడే చస్తాయి. కొన్ని రెండు మూడు రోజులు కొనప్రాణంతో తిరిగి చస్తాయి. ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలని కొత్త డబ్బాతో వచ్చిన కాగితంలోనే ఉందని చూపించాడు. అప్పుడు షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. ఆసామి బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఒక రోజు కాదు, దసరా వెళ్ళేదాకా. చెబితే షెడ్డు పోతుంది, పిల్లలు ఏమైపోతారు అని నాకు నేను వంద సాకులు చెప్పుకున్నాను. పెనంలాగా మాడిన ఆ పలకే కళ్ళ ముందు ఆడేది. నా మీద నాకే అసహ్యం వేసి, ఒక ఆదివారం మాచర్ల బస్సెక్కాను.

డ్రైవరు నాపరాయి క్వారీలో ఉన్నాడు. రాళ్ళు లారీలోకి ఎత్తుతున్నాడు. తోలడం కాదు, ఎత్తడం. జుట్టు నిండా తెల్లటి దుమ్ము. నన్ను చూసి రాయి దించి నిలబడ్డాడు. బావా అనలేదు.

అంతా చెప్పాను. వెల్డింగ్ సంగతి, మద్రాసు వాడి మాట, కాగితం. వాడు చివరిదాకా విన్నాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"కొండ మీద పదిమందిలో చెప్పావు. ఇక్కడ నాకొక్కడికే చెప్తున్నావా?" అన్నాడు. మళ్ళీ రాయి ఎత్తుకున్నాడు.

మర్నాడే ఆసామి ఊరు వెళ్ళాను. టీ బంకు దగ్గర ఆసామి, ఆనాటి పెద్దమనుషులు, ఇంకో పాతికమంది ఉన్నారు. నిలబడి గట్టిగా చెప్పాను. డబ్బాని మాడ్చింది నేను. ఎవరూ దొంగతనం చేయలేదు. కొండ మీద నేను చెప్పిన రెండో మాట అబద్ధం.

పెద్దాయన జాలిగా నా భుజం తట్టాడు.

"స్నేహితుడి మీద ప్రేమతో అంటున్నావురా అబ్బాయ్. తప్పులేదు. కానీ స్వామి ముందు అబద్ధమాడితే ఈపాటికి ఆ చెయ్యి ఉండేదా? మండలం కాదు, ఎనిమిది నెలలయింది. నీకు జొరమన్నా వచ్చిందా?"

"ఆ డబ్బాలు అట్టా మాడిపోతాయి పెద్దయ్యా! కాగితంలో ఉంది, మద్రాసు వాణ్ణి అడగండి!"

"కాగితం పెద్దదా, స్వామి పెద్దా?" అన్నాడు.

"ఆ దొంగోడు ఎంత ఇస్తానన్నాడేంది?" అన్నాడు ఆసామి. అందరూ నవ్వారు. అరిచాను, తిట్టాను, ఆసామిని ఒరేయ్ అన్నాను. నాకు టీ ఇప్పించి కూర్చోబెట్టారు. నోటూ నాణెమూ లేని డబ్బు అందరూ ఒప్పుకుంటే చెల్లుతుందన్న మాస్టారి మాట అప్పుడు అర్థమైంది. నా అబద్ధం చెల్లిపోయింది. నా నిజం ఎవరూ తీసుకోలేదు.

మళ్ళీ మాచర్ల బస్సెక్కాను. క్వారీలో మధ్యాహ్నం అన్నం వేళ. వాడి భార్య గంపలో కూడు తెచ్చింది. చంకలో పిల్లాడు. ఆమె నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"పదిమందిలో చెప్పాను," అన్నాను.

"ఏమన్నారు?"

"నమ్మలేదు. నా చెయ్యి బాగానే ఉందంట."

వాడు అన్నం ముద్ద పక్కన పెట్టి, లేచి వచ్చి, నా కుడిచెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పాడు. ఎండలో అరచెయ్యంతా వెతికి చూశాడు.

"మచ్చ కూడా పడలేదే బావా," అన్నాడు.